థియేటరమ్మ లెక్క

రాజాం నుంచి పాలకొండ వెళ్ళే రోడ్డు మీద ఒక టీ కొట్టు దగ్గర బస్సు దిగి, పక్క సందులోంచి అర కిలోమీటరు లోపలికి నడిస్తే బాప్టిస్టు పేట వస్తుంది. అక్కడ జ్ఞానసుందరి ఇల్లెక్కడని అడిగితే ఎవరైనా కాసేపు ఆలోచిస్తారు. థియేటరమ్మ ఇల్లని అడిగితే మాత్రం వెంటనే వేలు చూపిస్తారు. ఆవిడ మిషన్ ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్లో ఆయాగా చేసింది. పెళ్ళయిన కొత్తలో చేరి, ఆ ఆసుపత్రిలో ఆపరేషన్లు మానేసేదాకా చేసింది. కత్తెరలు ఉడకబెట్టడం, నేల కడగడం, డాక్టరు పేషెంటు కడుపులో పెట్టి తీసిన గుడ్డల్ని బేసిన్లో వేసి లెక్కపెట్టడం ఆవిడ పని. ఉద్యోగం ఆసుపత్రిలోనే ఉండిపోయింది గాని అలవాటు మాత్రం ఆవిడ వెంటే ఇంటికొచ్చేసింది.

ఆ అలవాటుతో పేటంతా వేగవలసి వచ్చింది. చర్చిలో ప్రేమవిందు అయ్యాక అందరూ చేతులు కడుక్కుని ఇళ్ళకి పోతుంటే ఈవిడ గరిటెలు లెక్కపెట్టేది. ఒకసారి ఒకటి తగ్గిందని, అడుగు మిగిలిన సాంబారు గుండిగని వంచి మరీ వెతికించింది. గరిటె అందులోనే దొరికింది, అది వేరే సంగతి. ఈవిడ ఎదురుగా కానుకల పెట్టె తెరవాలంటే పాస్టరు గారికి కూడా చెమటలు పడతాయని ఆడవాళ్ళు నవ్వుకునేవారు. ఆవిడ ఏనాడూ పట్టించుకోలేదు. థియేటర్లో మెర్సీ సిస్టరు నేర్పిన ఒక్క మాట ఆవిడకి వేదవాక్కు. లోపలికి వెళ్ళినవన్నీ బయటికి రావాలి, వచ్చేదాకా కుట్టు వెయ్యకూడదు.

భర్త ప్రకాష్ జీపు డ్రైవరు. సొంత జీపు. రాజాం సంతకి మనుషుల్ని, రామతీర్థం జాతరకి భక్తుల్ని, అరసవల్లికి మొక్కులవాళ్ళని ఎక్కించుకుని తిరిగేవాడు. స్టీరింగు ముందు బైబిలు వాక్యం స్టిక్కరు, దాని కిందే నిమ్మకాయ. ఇదేమిటయ్యా అని పాస్టరు గారు అడిగితే, వాక్యం నాకు, నిమ్మకాయ ప్యాసింజర్లకి అని తప్పించుకునేవాడు. నిజానికి డ్రైవర్ల పట్టింపులు కొన్ని అతనికీ ఉండేవి. బయలుదేరిన బండిని మళ్ళీ ఇంటివైపు తిప్పకూడదన్నది అందులో మొదటిది. ఏదైనా మరిచిపోతే తను దిగి నడిచొచ్చి తీసుకెళ్ళేవాడు గాని బండి తిప్పేవాడు కాదు. ఇంజను పని కూడా తనే చేసుకునేవాడు. చేస్తున్నంతసేపూ తిట్టేవాడు. స్పానరు అందించడం ఆలస్యమైతే పెళ్ళాన్ని, వెంటనే అందిస్తే స్పానర్ని.

హుద్‌హుద్ తుఫాను వచ్చిన మరుసటేడు అతనికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి, మాట ముద్దకట్టింది. ప్రాణానికి భయం లేదు, రోజూ నడిపించండి, నడిస్తే కాలొస్తుంది, చెయ్యి కూడా కొంత తేరుకుంటుంది అని శ్రీకాకుళం డాక్టరు చెప్పాడు. కొన్నాళ్ళకి మాట కొంత తేటపడింది. ప్రకాష్ కర్ర పట్టుకుని మంచం నుంచి వీధి అరుగు దాకా నడిచేవాడు. అరుగు మాత్రం దిగేవాడు కాదు. టీ కొట్టు దాకా పోయొద్దాం రమ్మని జ్ఞానసుందరి బతిమాలింది, తిట్టింది, ఒకరోజు కూర్చుని ఏడ్చింది కూడా. తన బండి ఎక్కిన జనమంతా ఆ కొట్టు దగ్గరే ఉంటారు, వాళ్ళ ముందు కాలీడ్చుకుంటూ వెళ్ళేది లేదన్నాడు. ఏడాది అలాగే గడిచింది. దున్నపోతు మీద వాన కురిసినట్టుందని ఆవిడ అడగడం మానేసింది. నోటితో మానేసిందే గాని, మనసులో మానలేదు.

జీపు కూడా అతనిలాగే అరుగుకి ఆనుకుని వాకిట్లో ఉండిపోయింది. అమ్మేద్దామని చివరికి అతనే అన్నాడు. బొబ్బిలి దగ్గర్నుంచి ఎల్లాజీ అనే రైతు వచ్చి చూశాడు. గడ్డీ కూరగాయలూ తోలుకోవడానికి అతనికి బండి కావాలి. బేరం తేలిగ్గానే తెగింది. స్టార్ట్ చేసి చూద్దామంటే అసలు పేచీ అప్పుడు మొదలైంది. కొత్తగా చార్జి చేయించిన బ్యాటరీ పెట్టినా ఇంజను తిరుగుతోందే గాని అందుకోవడం లేదు. తిరిగినంతసేపూ పైనుంచి బుస్సు బుస్సుమని గాలి కొడుతోంది. ఎల్లాజీ మంచివాడే, దాపరికం లేనివాడు. సోమవారం మధ్యాహ్నం మళ్ళీ వస్తానన్నాడు.

"స్టార్టయితే నడుపుకుంటాను మావా. అవనేదంటే ట్రాక్టరుకి తాడేసి లాక్కుపోయి ఇనప ముక్కల కొట్టుకి ఇచ్చీడమే. బేరం బేరమే, నీకిచ్చినదాన్లో తేడా రాదు."

తేడా రానిది అతనికి. ప్రకాష్ ఆ పూట అన్నం ముట్టలేదు. రాజాం నుంచి వచ్చిన మెకానిక్కు బానెట్టు ఎత్తి చూసి, ఇంటి దగ్గర అయ్యే పని కాదు, షెడ్డుకి తెప్పించమన్నాడు. షెడ్డుకి తీసుకెళ్ళాలన్నా తాడే గతి.

"తాడు కట్టనివ్వను," అన్నాడు ప్రకాష్. ఒక్కో మాటా నమిలి నమిలి బయటికి తీశాడు. "నా బండి దాని కాళ్ళమీద అది ఎల్లాల."

రోగం ఏమిటో అతనికి తెలుసు. డీజిలుని సిలిండర్లోకి చిమ్మే ముక్కుని ఇంజక్టరు అంటారు. దాని అడుగున చిన్న రాగి వాషరు ఒకటుంటుంది. అది పాడైతే ఇంజను ఊపిరంతా పక్కనుంచి పోతుంది. నాలుగు ఇంజక్టర్లకి నాలుగు వాషర్లు. తీసి మార్చడం అతనికి ఒకప్పుడు ఒక పూట పని. ఇప్పుడు ఎడమ చెయ్యి ఒక్కటే మిగిలింది, దానికి అన్నం తినడమే ఇంకా సరిగ్గా రాలేదు.

జ్ఞానసుందరి చీర కుచ్చెళ్ళు ఎగ్గట్టి అతని ఎదురుగా నిలబడింది.

"నీకు నోరున్నాది, నాకు సేతులున్నాయి. సెప్పు, నాను సేస్తాను."

ఇది గిన్నెలు తోమడం కాదన్నాడు ప్రకాష్. మనుషుల కడుపులు కోసిన చోట ముప్పొద్దులా ఉన్నదాన్ని, దీనికి కనీసం రక్తమైనా లేదు అని ఆవిడ ఎదురు చెప్పింది. అతను మొహం తిప్పుకుని కాసేపు వీధిలోకి చూశాడు. తాడు తలుచుకున్నాడో ఏమో, చివరికి పన్నెండో నంబరు స్పానరు తెమ్మన్నాడు.

శుక్రవారం పొద్దున్నే పనిలోకి దిగారు. దిగీ దిగగానే ఆగిపోయారు. ఇంజక్టరు బిగించే నట్లు ఎంత బిగించాలన్నది ప్రశ్న. తక్కువైతే గాలి పోతుంది, ఎక్కువైతే బోల్టు విరిగి పనంతా గంగలో కలుస్తుంది. ఎంత బిగించేవాడివని ఆవిడ అడిగింది. నా చేతికి తెలిసేది, అన్నాడు ప్రకాష్. అని ఒళ్ళో పడున్న కుడి చేతిని చూసుకున్నాడు. ఆ చేతిని ఇప్పుడు అడగడానికి లేదు.

జ్ఞానసుందరి ఆలోచించింది. నట్లు ఇంకా విప్పలేదు. అవి అతను చెయ్యి బాగున్న రోజుల్లో బిగించినవే, అప్పట్నుంచి ఇంకొకరి చెయ్యి వాటి మీద పడలేదు. ఆవిడ గబగబా వీధి చివర ఎండుచేపలమ్మే తాతమ్మ దగ్గరికి వెళ్ళి స్ప్రింగు కాటా అడిగింది. చేపలు తూచే కాటాతో జీపుకేం పనో తాతమ్మకి అర్థం కాలేదు. థియేటరమ్మతో వాదన పెట్టుకునే ఓపిక లేక ఇచ్చేసింది. నట్టు అడుగున కాస్త నూనె వేసి, స్పానరు పెట్టి, స్పానరు చివర కాటా కొక్కెం తగిలించి, బిగించే వైపు మెల్లగా లాగింది. నట్టు వెంట్రుకవాసి కదిలిన దగ్గర కాటా ముల్లు ఎనిమిది మీద నిలిచింది. రెండో నట్టు చూసింది. అదీ ఎనిమిదే. అన్నీ చూసింది. ఏ ఒక్కటీ పావు కేజీ అటూ ఇటూ లేదు.

"ఇదయ్యా నీ సెయ్యి," అంది. "ఎనిమిది కేజీలు."

 ప్రకాష్ కాటా ఇలా తెమ్మని అడిగి, దాని ముల్లుని చాలాసేపు చూశాడు. అతని కళ్ళు తడయ్యాయి. ఆవిడ చూడనట్టు నట్లు విప్పడంలో పడింది.

నట్లు వచ్చాయి, పైపులు వచ్చాయి. ఇంజక్టర్లు మాత్రం ఏళ్ళ మసితో కరుచుకుని ఉన్నాయి. వాటి మొదళ్ళలో కిరసనాయిలు పోసి నానబెట్టారు. లాగడానికి ఒక సాధనం కావాలని ప్రకాష్ చెప్పి చేయించాడు. వెల్డింగు కొట్టులో ఒక ఇనుప కడ్డీ చివర ఇంజక్టరు నెత్తి మీది మరకి సరిపోయే నట్టు అతికించి తెచ్చింది. పిండిమరలో పారేసిన చిన్న కప్పీని ఆ కడ్డీకి గుచ్చింది. నట్టుని ఇంజక్టరుకి బిగించి, కప్పీని కిందనుంచి పైకి విసురుగా జారిస్తే అది కడ్డీ పైకొన వంపుకి ఠంగున తగిలి ఇంజక్టర్ని గుంజుతుంది. పేటలో పిల్లాపెద్దా ఆ చప్పుడికి తొంగిచూసి పోయారు. థియేటరమ్మ జీపుకి పన్ను పీకుతోందన్నారు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు.

ఒక్కో ఇంజక్టరు ఊడి రాగానే ఆ కన్నంలో ఉడకబెట్టిన గుడ్డ ముక్క దూర్చేది, మసి సిలిండర్లోకి రాలకుండా. ప్రతి గుడ్డకీ పొడుగాటి దారం కట్టి దాని చివర బయటికి వేలాడేసేది. థియేటర్లో కడుపులో పెట్టే గుడ్డలకి అలాగే తోక ఉండేది, లోపల మరిచిపోకుండా. దారాలెందుకని ప్రకాష్ విసుక్కున్నాడు. ఒసే, ఇది పేషెంటు కాదన్నాడు. కాదని నాకూ తెలుసులే అని ఆవిడ ఇంకో గుడ్డకి దారం కట్టింది.

తీసిన పాత వాషర్లని ఆసుపత్రి నుంచి తెచ్చుకున్న స్టీలు ట్రేలో వరసగా పెట్టింది. శనివారం సాయంత్రానికి నాలుగు ఇంజక్టర్లూ బయటికి వచ్చాయి. రెండు వాషర్లు ఇంజక్టర్లకే అంటుకుని వచ్చాయి. నాలుగో కన్నంలోది సైకిలు చువ్వ వంచి కొక్కెం చేసి లాగితే వచ్చింది. మూడో కన్నంలోంచి ఏమీ రాలేదు. టార్చి వేసి చూస్తే అడుగంతా ఒకే నలుపు.

ట్రేలో మూడే ఉన్నాయని ఆవిడ అంది. కాలిపోయుంటాది, ఇంజను మింగేసుంటాది, కొత్తవి వేసి మూసీ అన్నాడు ప్రకాష్. మూడోదానితో తనకి ఎప్పుడూ పేచీయేనట. ఎన్నేళ్ళుగానో అది ఒక్కటే పొగ కొట్టేదట. అది శాపం పెట్టిన సిలిండరు అన్నాడు.

"నాలుగోది రానీ, మూస్తాను."

"మెకానిక్కువి నువ్వా, నానా?"

"నువ్వే. లెక్క మట్టుకు నాది."

ప్రకాష్ కోపం పట్టలేక ఎడం చేత్తో కర్ర విసిరేశాడు. అది జీపు టైరుకి తగిలి వాకిట్లో పడింది. ఒకప్పుడు స్పానర్లు విసిరిన చెయ్యి అది కాదు గనక గురి కుదరలేదు. ఆవిడ కర్ర తెచ్చి మళ్ళీ అతని పక్కన పెట్టి, ఇంజను మీద ఉతికిన పాత చీర కప్పి, చేతులు కడుక్కుంది.

మర్నాడు ఆదివారం. ఆదివారం ఆవిడ స్పానరు ముట్టదు, ఎవరేం చెప్పినా ముట్టదు. రేపు మధ్యాహ్నానికి ఎల్లాజీ తాడుతో దిగుతాడు, ఇవాళ బండిని కడుపు తెరిచి పడేసి నువ్వు పాటలు పాడుకోవడానికి పోతావా అని ప్రకాష్ నెత్తీనోరూ కొట్టుకున్నాడు. ఆవిడ తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్ళింది. వెళ్ళిందే గాని ప్రసంగంలో ఒక్క ముక్క చెవికెక్కలేదు. కడుపు తెరిచిన పేషెంటుని బల్ల మీద వదిలేసి వచ్చినట్టు ప్రాణం కొట్టుకుంది. మొగుడు చెప్పిందే నిజమేమో, తన మొండితనం వల్లే రేపు ఆ తాడు పడుతుందేమో అని భయం పట్టుకుంది. తాడు పడితే ఆ మనిషి ఇక అరుగు మీదికి కూడా రాడు, మంచం దిగడు. ఆ సంగతి ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

కానుకల పాట పాడుతుండగా మెర్సీ సిస్టరు గుర్తొచ్చింది. ఒకసారి ఆపరేషన్లో ఒక గుడ్డ లెక్క తగ్గింది. డాక్టరు తొందరపడుతున్నాడు, మత్తు దిగిపోతోంది అంటున్నాడు. మెర్సీ సిస్టరు కదలలేదు. బేసిన్లో గుడ్డల్ని ఒక్కొక్కటే విడదీసి చూడమని జ్ఞానసుందరికి చెప్పింది. రెండు గుడ్డలు రక్తంతో తడిసి ఒకదానికొకటి కరుచుకుని ఒకటే గుడ్డలా కనబడుతున్నాయి. పోయిందనుకున్నది ఎక్కడికీ పోదు సుందరీ, దేన్నో పట్టుకుని ఉంటుంది అంది సిస్టరు ఆ రోజు. జ్ఞానసుందరి ఆ మాట తలుచుకుంటూ ప్రార్థన అయ్యేదాకా బల్ల మీద కుదురుగా కూర్చోలేకపోయింది.

సోమవారం తెల్లవారగానే ఇంజను మీద కప్పిన చీర తొలగించి, టార్చి పట్టుకుని ఒక్కో కన్నమే చూసుకుంటూ వచ్చింది. మిగతా మూడు కన్నాల అడుగునా శనివారమే కర్రపుల్లకి గరుకు కాగితం చుట్టి రుద్దింది, అక్కడ ఇనుము బూడిదరంగులో కనబడుతోంది. మూడో దాంట్లో సైకిలు చువ్వ పెట్టి గట్టిగా గీసింది. గీత పడిన చోట ఎర్రగా మెరిసింది.

"ఇనుము ఎర్రగుంటాదేటయ్యా?"

ప్రకాష్ అరుగు అంచుకి జరిగాడు. ఇంకోసారి గీసి చూపించమన్నాడు. ఇంకోసారీ ఎర్రగానే మెరిసింది. ఆ తరువాత అతనిలో మెకానిక్కు లేచాడు. ఒక పొడుగాటి బోల్టు తెప్పించి, దాని మొన ముల్లంగిలా సన్నబడేలా ఆకురాయి పట్టించాడు. మొనకి గ్రీజు పూసి, వాషరు మధ్య కన్నంలో మెత్తగా కొట్టి బిగించమన్నాడు. తరువాత ఆ బోల్టు తలకి కప్పీ కడ్డీని కట్టి లాగమన్నాడు. రెండు దెబ్బలకి కదల్లేదు. మూడో దెబ్బకి బోల్టు చివర నల్లటి బిళ్ళ ఒకటి గుచ్చుకుని వచ్చింది.

ఆవిడ దాన్ని ట్రేలో పెట్టి కిరసనాయిలు పోసి తుడిచింది. బిళ్ళ మామూలు వాషరుకంటే మందంగా ఉంది. అనుమానమొచ్చి పటకారు మొనతో పక్కనుంచి గిల్లింది. అది రెండుగా విడిపోయింది.

"నాలుగు కన్నాలు," అంది జ్ఞానసుందరి, "అయిదు వాసర్లు."

ప్రకాష్ ట్రే వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు, మళ్ళీ ట్రే వైపు చూశాడు. తరువాత మెల్లగా అతని మొహం మారింది. ఎప్పుడో ఒక రామతీర్థం జాతర. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య జనం బండెక్కి కూర్చుని హారను కొడుతుంటే, మూడో ఇంజక్టరు విప్పి కొత్త వాషరు వేసి మూసేశాడు. పాతది తీయడం మరిచిపోయాడు. ముక్కు ఉండవలసిన దానికంటే ఎత్తులో కూర్చుంది, అప్పట్నుంచీ పొగే. అందుకోసం అతను డీజిలు బంకుని తిట్టాడు, రోడ్లని తిట్టాడు, జీపు చేసినవాణ్ణి తిట్టాడు, ఎదురుగా ఉన్న పాపానికి పెళ్ళాన్నీ తిట్టాడు.

"నానే," అన్నాడు. "నానే ఎట్టీసి మర్సిపోనాను."

అని నవ్వడం మొదలుపెట్టాడు. మూతి ఒక పక్కకే తెరుచుకుంది, చొంగ కారింది, అయినా నవ్వు ఆగలేదు. పడిపోయిన దగ్గర్నుంచి అతను నవ్వడం ఆవిడ చూడలేదు. ఆవిడకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. పైటతో ముందు అతని మూతి, తరువాత తన కళ్ళు తుడిచింది.

ఆ తరువాత పని చకచకా సాగింది. కొత్త వాషర్లు ప్రకాష్ బిస్కట్ల డబ్బాలో ఎన్నేళ్ళ నుంచో దాచినవి ఉన్నాయి. అవి పడి పడి బిరుసెక్కి ఉంటాయి, కాల్చమన్నాడు. ఆవిడ గ్యాసుపొయ్యి వెలిగించి, పటకారుతో ఒక్కోటీ పట్టుకుని ఎర్రగా కాల్చి చెంబుడు నీళ్ళలో వేసింది. ఇనుముని కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడుతుంది, రాగి మెత్తబడుతుందట. ఈ మనిషి ఏ లోహమో ఇన్నేళ్ళయినా తెలియలేదని ఆవిడ గొణుక్కుంది. ప్రకాష్‌కి వినబడింది, వినబడనట్టు ఊరుకున్నాడు.

దారాలు పట్టుకుని గుడ్డలన్నీ లాగి లెక్క చూసుకుంది. సరిపోయాయి. ఇంజక్టర్లు దింపి, నట్లు బిగించి, కాటా తగిలించి ఎనిమిది దగ్గర ఆపింది. పైపుల్లో చేరిన గాలిని బయటికి కొట్టించడం అతను చెప్పాడు, ఆవిడ చేసింది. డీజిలు మొహాన చిమ్మింది. చివరికి డ్రైవరు సీట్లోకి ఎక్కి తాళం తిప్పింది. ఇంజను రెండుసార్లు దగ్గింది. మూడోసారి అందుకుంది. తెల్లటి పొగ వాకిలంతా నింపి, కాసేపు తడబడి, తరువాత నిలకడగా మోగింది. బుస్సు లేదు. ప్రకాష్ కళ్ళు మూసుకుని విన్నాడు, చర్చిలో కూడా అతను ఎప్పుడూ అంత భక్తిగా కూర్చోలేదు.

ఎల్లాజీ భుజాన మోకు వేసుకుని వచ్చాడు. ట్రాక్టరు ఊళ్ళోనే మాట్లాడుకుందామని అతని లెక్క. సందు మొదట్లోనే ఇంజను చప్పుడు విని నడక తగ్గించాడు. బానెట్టు చుట్టూ తిరిగి, చెయ్యి పెట్టి చూసి, ఎవరు చేశారని అడిగాడు. ఇద్దరం, అన్నాడు ప్రకాష్. తరువాత, రోడ్డెక్కేదాకా తనూ కూర్చుంటానన్నాడు.

ఎల్లాజీ ఒక చెయ్యి, జ్ఞానసుందరి ఒక చెయ్యి పట్టి అతన్ని అరుగు దింపి ముందు సీట్లో కూర్చోబెట్టారు. ఏడాది తరువాత ఆ పాదాలు వాకిలి మట్టిని తాకాయి. ఆవిడ ఆ సంగతి పైకి అనలేదు. ఇంకో సంగతి కూడా ఆవిడకి తట్టింది, అదీ అనలేదు. కర్ర తీసుకుని జీపు వెనకాలే నడిచింది.

జీపు సందు దాటి, చర్చి దాటి, రోడ్డు మీద టీ కొట్టు ఎదురుగా ఆగింది. వెనకాలే వచ్చిన జ్ఞానసుందరి పట్టుకుంటే ప్రకాష్ దిగాడు. మావా, తిప్పి నిన్ను ఇంటికాడ దింపేసి పోతాను అన్నాడు ఎల్లాజీ. బయలుదేరిన బండి తిప్పకూడదు, పోనీ అన్నాడు ప్రకాష్ గంభీరంగా. ఎల్లాజీ దండం పెట్టి గేరు వేశాడు. జీపు తన కాళ్ళ మీద తను రాజాం వైపు వెళ్ళిపోయింది. మలుపు తిరిగేదాకా ప్రకాష్ చూస్తూ నిలబడ్డాడు.

మలుపు తిరిగాక వెనక్కి తిరిగాడు. అప్పుడు తెలిసొచ్చింది. ఇల్లు అర కిలోమీటరు దూరంలో ఉంది. ఎదురుగా టీ కొట్టు ఉంది. బల్లల మీద తన ప్యాసింజర్లందరూ గ్లాసులు పట్టుకుని తననే చూస్తున్నారు. బండి ఎలా వెళ్ళాలో మూడు రోజులు ఆలోచించిన మనిషి, తను ఎలా తిరిగి రావాలో ఒక్క క్షణం ఆలోచించలేదు.

"ఆటో పిలు," అన్నాడు గొంతు తగ్గించి.

జ్ఞానసుందరి కర్ర అతని ఎడమ చేతికి ఇచ్చింది.

"ఆటో ఎందుకు? ఎల్లాజీ మోకు మనింటికాడే ఒగ్గేసి పోనాడు. తెచ్చి నీకు కట్టి లాగమంటావేటి?"

ప్రకాష్ ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ నవ్వడం లేదు. పడిపోయిన కుడి చేతిని తన చేతిలోకి తీసుకుని, నడుద్దామా అన్నట్టు సందు వైపు తిరిగింది. అతను కాసేపు నిలబడ్డాడు. తరువాత కర్ర ముందుకి వేశాడు.

కుడి కాలు మట్టిలో గీత గీసుకుంటూ వచ్చింది. కొట్టు దగ్గర ఎవరో లేచి సాయం రాబోయారు, ఆవిడ కళ్ళతోనే కూర్చోబెట్టింది. ఎవరూ నవ్వలేదు. ప్రకాషన్నా, బండి చప్పుడు బాగున్నాదని ఒకరు, టీ తాగి ఎల్లన్నా అని ఒకరు అన్నారు. రేపు, అన్నాడు ప్రకాష్. మొహమంతా చెమట. చర్చి గోడ దగ్గర ఆగి ఊపిరి తీసుకున్నాడు. అక్కడే ఆవిడ చేతికి ఏదో తెలిసింది. అతని కుడి చేతి వేళ్ళు, బరువుకో భయానికో, ఆవిడ అరచేతిని పట్టుకున్నాయి. నిజంగానే పట్టుకున్నాయి.

అతనికీ తెలిసింది. ఆ చేతిని చూసుకుంటూ అడిగాడు.

"ఎంతుంటాది?"

జ్ఞానసుందరి అబద్ధం చెప్పే మనిషి కాదు. కాసేపు తూచినట్టే ఆగింది.

"అర కేజీ."

ప్రకాష్ తలాడించి మళ్ళీ కర్ర ముందుకి వేశాడు. ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది.

మర్నాడు పొద్దున్న తాతమ్మ చేపల గంప దించుకుని, పని అయిపోయుంటే కాటా ఇమ్మని అడగడానికి వచ్చింది. జీపు లేదు, వాకిలి ఖాళీగా ఉంది. అరుగు కూడా ఖాళీగానే ఉంది. గుమ్మం దగ్గర మొగుడికి చెప్పులు తొడుగుతున్న జ్ఞానసుందరి వంగినది వంగినట్టే బదులు చెప్పింది.

"ఇంకొన్నాళ్ళు ఉండనీ తాతమ్మా. పని అవనేదు."